పదిహేడో నంబర్ సాంచ గిటారు

రాజుల చరిత్ర రాసేవాళ్ల పని సులువు. ఎవరు ఏ సంవత్సరంలో గద్దెనెక్కారో, ఎవరు ఎవరిని కోటగోడ మీంచి తోయించారో శాసనాలే చెబుతాయి. సూరత్ నగరం డిండోలిలో, సాంచలు అనే మరమగ్గాలను బాగుచేసే ఫిట్టరు లక్ష్మీరాజం ఏ మాటకైనా “గంతే మరి” అని జవాబు చెప్పడం ఎప్పుడు మొదలుపెట్టాడో తెలిపే శాసనం మాత్రం ఇంతవరకు బయటపడలేదు. దొరికిన ఆధారాలను బట్టి పండితులు రెండు వర్గాలుగా చీలారు. ఆయన భార్య పద్మారాణి లెక్క ప్రకారం ఆ యుగం కూతురు రుచిత బడిలో చేరిన ఏడు ఆరంభమైంది. ఆయనతో ఒకే షెడ్డులో పనిచేసే ఇంకో ఫిట్టరు బిక్షపతి మాత్రం, కాదు, పెద్దనోట్లు రద్దయిన ఏడు అని పట్టుబడతాడు. ఆ రోజుల్లో బ్యాంకు ముందు నాలుగు గంటలు నిలబడి కౌంటరు దాకా పోయాక, లోపలి మనిషి ఆధార్ కార్డు ఏదని అడిగితే, లక్ష్మీరాజం “బస్, ఐసా హీ” అని చెప్పి హుందాగా వెనుదిరిగాడట. అది అదే మాటకు హిందీ అనువాదం. పరాయి రాష్ట్రంలో బతికేవాడు రెండు భాషల్లోనూ సిద్ధంగా ఉండాలి.

ఆ మాట గొప్పతనం ఏమిటంటే అది దాదాపు దేనికైనా సరిపోతుంది. బాగున్నవా అంటే సరిపోతుంది. వానలు లేవంటే సరిపోతుంది. ఊళ్లో మేనత్త పోయిందని ఫోనొస్తే ఇంకా బాగా సరిపోతుంది. పాలసీ అమ్మడానికి వచ్చినవాడు నామినీ పేరేమిటని అడిగినప్పుడు ఒక్కసారి మాత్రం కొంచెం తడబడింది. మొత్తానికి వాడకట్టు వాళ్లందరూ ఆయనను వేదాంతి కింద జమకట్టారు.

నిజం అంత గొప్పది కాదు. లక్ష్మీరాజానికి వినబడదు.

సిరిసిల్ల పక్కన పల్లెనుంచి పదిహేడేళ్ల వయసులో, మేనమామ రాజమల్లు వెంట ఆయన సూరత్ రైలెక్కాడు. ఇప్పుడు నలభై నాలుగు. మధ్యలోని ఇరవై ఏడేళ్లూ ఒకే షెడ్డులో గడిచాయి. సాంచలు నడిచే షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. రేకుల కప్పు కింద నూట ఇరవై సాంచలు, ఒక్కోదాంట్లో పోగును మోసే నాడెను ఆ చివరినుంచి ఈ చివరికి తన్నే కట్టె, నిమిషానికి నూట యాభై తన్నులు. అక్కడ నోటితో మాట్లాడటం దండగ. వేలు వంచితే పోగు తెగిందని, పిడికిలి నెత్తిన పెడితే సేఠ్ వస్తున్నాడని, బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్ అని అర్థం. మిగతాది పెదవుల కదలిక చూసి పట్టుకోవాలి. అందుకే ఖాతా మనుషుల్లో చెవుడు వచ్చినవాడెవడో రానివాడెవడో పైకి తెలియదు.

చెవుడు ఆయన దగ్గరికి దొంగలా రాలేదు. మర్యాద తెలిసిన చుట్టంలా వచ్చి, ముందు చిన్న చిన్నవి అడిగి తీసుకుపోయింది. మొదట పిచ్చుకలు పోయాయి. తర్వాత కుక్కర్ ఈల, తర్వాత ఫోన్ మోత. పద్మారాణి గాజులు ఎప్పుడు పోయాయో ఆయనకే గుర్తులేదు. లావు గొంతులు చాలాకాలం నిలిచాయి, సన్న గొంతులు నిలవలేదు. ఆ విధంగా సేఠ్ గొంతు ఇంకా కొంచెం వినబడుతుండగానే కూతురి గొంతు పోయింది.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. ఖాతాలో లక్ష్మీరాజం పేరు నిలబెట్టింది ఆయన చెవే. ఏ సాంచకు ఏ జబ్బు చేసినా ముందు ఆయన్నే పిలుస్తారు. ఆయన వచ్చి, ఇనుప చట్రం మీద అరచేయి ఆనించి, తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుంటాడు. నిమిషం తర్వాత కళ్లు తెరిచి ఏ బేరింగు పోయిందో, ఏ తోలు పట్టీ సాగిందో చూపిస్తాడు. ఎన్నడూ తప్పింది లేదు. చుట్టూ నిలబడ్డవాళ్లు వంగిన తలను చూసి, ఆహా ఏం వింటున్నాడు అనుకునేవారు. జబ్బు చెప్పేది చెయ్యి. తల వంచేది, ఆ నిమిషంలో ఎవరూ ఆయనతో మాట్లాడకుండా ఉండటానికి.

“ఐసా కాన్ పూరే ఉధ్నా మే కిసీ కా నహీ,” అని ఖాతా యజమాని కాంజీ సేఠ్ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. అటువంటి చెవి ఖాతాలుండే ఉధ్నా పేట మొత్తం మీద లేదని దాని భావం. అది అక్షరాలా నిజం.

ఆ సేఠే ఈ ఏడాది పాత సాంచలను విడతలుగా తుక్కుకింద అమ్ముతూ, కామ్‌రేజ్ దగ్గర కొత్త షెడ్డులో కొత్త యంత్రాలు దించుతున్నాడు. దీపావళి తర్వాత అక్కడికి ఇద్దరు ఫిట్టర్లను తీసుకుపోతాడు. ఉన్నవాళ్లు నలుగురు. పాత ఖాతాలో మిగిలినవాళ్లకు, సాంచలు ఉన్నంతకాలమే పని. “కొత్త మిషన్లు పాడయ్యేముందు సన్నగా ఏడుస్తాయి, అది వినేవాడు కావాలి. మొదటి పేరు నీదే,” అన్నాడు సేఠ్. లక్ష్మీరాజం పెదవులు చదివి తలూపాడు. ఆ రోజునుంచి ఆయన జీవితంలో కాపాడుకోవలసిన రహస్యం ఒక్కటే మిగిలింది.

ఆ సమయంలోనే రుచిత తొమ్మిదో తరగతిలో గిటారు చేస్తానని కూర్చుంది.

ఆ బడిలో వడ్రంగం అనే పాఠం ఇంకా బతికి ఉండటానికి కారణం ఠాకోర్‌భాయ్ మిస్త్రీ బతికి ఉండటమే. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన పిల్లలచేత స్టూళ్లు చేయిస్తున్నాడు. డిండోలిలో మూడు కాళ్లు నేలకు ఆని నాలుగో కాలు గాలిలో ఉండే స్టూలు లేని ఇల్లు అరుదు. ప్రాజెక్టుకు ఏం చేస్తావని ఆయన వరసగా అడుగుతూ వచ్చాడు. స్టూలు, స్టూలు, తాళంచెవుల పలక, స్టూలు. రుచిత వంతు వచ్చింది.

“ఎలక్ట్రిక్ గిటార్, సార్.”

ఠాకోర్‌భాయ్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. “దీక్‌రీ, బిడ్డా, స్టూలుకు నాలుగు కాళ్లు. కుదరకపోతే ఒకటి కోస్తాం. దానికేం కోస్తాం?”

“కొయ్యొద్దు సార్. మొదటిసారే సరిగ్గా చెయ్యాలి.”

ఇరవై తొమ్మిదేళ్లలో ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. ఒప్పుకున్నాడు.

కట్టె దొరకడమే కష్టమైంది. ఎండి ఎండి ఇక వంగనంత గట్టి కట్టె కావాలన్నాడు ఠాకోర్‌భాయ్. రుచిత ఇంటికొచ్చి తండ్రికి ఎదురుగా నిలబడి, నెమ్మదిగా చెప్పింది. ఆ పిల్ల ఎప్పుడూ అంతే, ఎదురుగా వచ్చి నిలబడిన తర్వాతే నోరు తెరుస్తుంది. బుద్ధిమంతురాలని లక్ష్మీరాజం మురిసిపోయేవాడు.

ఆ వారమే ఖాతాలో పదిహేడో నంబరు సాంచను విప్పారు. ఫిట్టరు కాకముందు లక్ష్మీరాజం దాని మీద తొమ్మిదేళ్లు నేశాడు. ఇనుము తూకానికి పోయింది. పోగును గుడ్డలోకి నెట్టే అచ్చును ముందుకూ వెనక్కూ ఊపే పొడుగాటి కట్టె దిమ్మను మాత్రం చాయ్‌వాలా పొయ్యిలోకని పక్కన పడేశారు. రోజుకు లక్ష ఊపులు ఊగిన కట్టె అది. నూనె తాగి నల్లబడింది, అక్కడక్కడ బోల్టులు దిగిన బెజ్జాలున్నాయి. దాన్ని భుజాన వేసుకుని ఆయన బయటికి వస్తుంటే గేటు దగ్గర బిక్షపతి ఎదురయ్యాడు.

“కట్టెలు మోస్తున్నవేంది రాజన్నా? ఎవలు పోయిండ్రు?”

“గంతే మరి,” అన్నాడు లక్ష్మీరాజం.

దిమ్మను ముక్కలు కోసి, పక్కపక్కన అతికించి ఒళ్లు చేశారు. మిగిలిన పొడుగు ముక్క మెడ అయింది. బెజ్జాలను కట్టె మేకులతో, బంకతో పూడ్చారు. మెడ మీద వేలు నొక్కే మెట్లు ఎక్కడెక్కడ పడాలో రుచిత ఫోన్లో చూసి లెక్కగట్టి, అర మిల్లీమీటరు తేడా లేకుండా గీసింది. తీగలు, వాటిని బిగించే మరలు పార్శిల్లో వచ్చాయి. ఇక మిగిలింది తీగల కింద ఉండే చుట్ట. అయస్కాంతాల చుట్టూ, వెంట్రుక కన్నా సన్నని రాగి తీగను ఆరువేల చుట్లు చుట్టాలి. తీగ కదలికను కరెంటుగా మార్చి స్పీకరు డబ్బాలోకి పంపేది అదే. ఠాకోర్‌భాయ్ వేళ్లు దానికి పనికిరాలేదు. మూడుసార్లు చుడితే మూడుసార్లు తెగింది.

“మా బాపు చుడతడు సార్,” అంది రుచిత.

పోగు కండెలు చుట్టిన చేతికి రాగి తీగ ఒక లెక్కా? లక్ష్మీరాజం చిన్న రాట్నం బిగించుకుని గుమ్మంలో కూర్చున్నాడు. పద్మారాణి లోపల చీరలకు రాళ్లు అతికిస్తూ చూస్తోంది. ఆమె గొంతు కాస్త లావు, పైగా కాపురానికి వచ్చినప్పటినుంచి అరిచే మాట్లాడుతుంది.

“పదేండ్లసంది చీరెలకు రాళ్లంటిస్తున్న. ఎట్లంటిచ్చినవే అని ఒక్కనాడు దగ్గరికొచ్చి జూసిండా? గా తీగను జూడు, చంటిపిల్లకు జడేసినట్టు ఎంత ముద్దుగ చుడుతున్నడో!”

“నువ్వు జర ఊకో అమ్మా. లెక్క తప్పుతది,” అంది రుచిత.

మర్నాడు ఠాకోర్‌భాయ్ ఆ చుట్టను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడట. మిషను కూడా ఇట్లా చుట్టలేదు, ప్రతి చుట్టుకూ ఒకే బిగువు, అన్నాడట. రుచిత వచ్చి ఆ మాట ఎదురుగా నిలబడి చెప్పింది. ఒకే బిగువు. లక్ష్మీరాజానికి ఇరవై ఏడేళ్లలో ఎవరూ పతకం ఇవ్వలేదు కాబట్టి ఆ రెండు మాటలనే ఛాతీకి తగిలించుకుని తిరిగాడు.

గురువారంనాడు గిటారు ఇంటికి వచ్చింది. వెంట ఠాకోర్‌భాయ్ ఇచ్చిన పాత రేడియో డబ్బా కూడా వచ్చింది, మోత పెట్టి సాధన చేసుకోవడానికి. శనివారం బడిలో ప్రదర్శన. రుచిత తండ్రి ముందు నిలబడింది.

“బాపూ, శనివారం నేను స్టేజీ మీద వాయిస్త. బయటినుంచి పరీక్ష సార్ వస్తడు, మార్కులేస్తడు. మీ కాంజీ సేఠ్ కూడ వస్తుండు, చీఫ్ గెస్ట్. నువ్వు ముందల కుర్సీల కూసోవాలె. పక్కా?”

తలూపాడు.

“అయిపోయినంక ఎట్లున్నదో నువ్వే చెప్పాలె. నువ్వు చెప్పేదాంక ఎవ్వల మాట ఇనను.”

దీనికి ఆయన దగ్గర ఉన్న ఒక్క జవాబూ సరిపోదు. ఎట్లున్నదని సేఠ్ ముందు కూతురు అడిగితే ఏం చెప్పాలి? ఏ చోట బాగుంది, ఏ చోట తప్పింది అని సేఠ్ కూడా అడగవచ్చు, ఉధ్నాలో లేని చెవి కదా.

ఆ వారం ఆయనకు రాత్రి పాళీ. శుక్రవారం పొద్దున ఇంటికొచ్చి పడుకుని, మధ్యాహ్నం లేచాడు. రుచిత బడికి పోయింది. పద్మారాణి చీరల మూట అప్పజెప్పడానికి పోయింది. మంచం మీద పాత చీర కప్పుకుని గిటారు పడుకుని ఉంది. ముందుగానే ఒకసారి విని పెట్టుకుంటే శనివారం గండం గడుస్తుందనుకున్నాడు లక్ష్మీరాజం. రోగి వైద్యుడికి చూపించుకునే ముందు ఇంట్లోనే నాలుక చూసుకున్నట్టు, తలుపు దగ్గరికి వేసి, డబ్బాకు వైరు తగిలించి, మంచం అంచున కూర్చుని తీగలు ఒక్కొక్కటే మీటాడు.

లావు తీగ పలికింది. ఎక్కడో దూరాన లారీ పోయినట్టు. రెండోదీ పలికింది. మూడోది ఉందా లేదా అన్నట్టు. తర్వాతివి అసలు పలకలేదు. మళ్లీ మీటాడు. డబ్బా మోత పెంచాడు. చివరి రెండు తీగలు కళ్లముందే వణుకుతున్నాయి, వాటినుంచి ఏమీ రావడం లేదు.

ఇక్కడ ఇంకో మనిషైతే తన చెవిని అనుమానించేవాడేమో. చెవుడు సంగతి తెలిసినా, లక్ష్మీరాజం ముందు ఫిట్టరు. ఫిట్టరు యంత్రాన్ని అనుమానిస్తాడు. తీగల మీద వేలు ఆనించి నొక్కి చూశాడు. అనుకున్నంతా అయింది! లావు తీగ గట్టిగా ఎదురు తన్నింది. సన్న తీగ మెత్తగా లొంగింది. ఆరు తీగలకు ఆరు బిగువులు! పడుగులో ఒక్క పోగు వదులైతేనే గుడ్డంతా పాడైపోతుందే, ఆరింటికి ఆరు బిగువులతో ఇది ఎట్లా పలుకుతుంది? పిల్లలు, వాళ్లకేం తెలుసు. ఠాకోర్‌భాయ్‌కైనా చెక్క తెలుసు కాని పోగు తెలియదు కదా.

ఆయన మరలు తిప్పడం మొదలుపెట్టాడు. వేలితో నొక్కడం, మర తిప్పడం, మళ్లీ నొక్కడం. అన్నిటికన్నా సన్న తీగ తెగి చేతి మీద గీసుకుపోయింది. ఖాతాలో పోగు తెగితే ఎవరూ ఎవరినీ పిలవరు, ముడేసి సాంచను నడిపించడమే. రెండు కొసలను కలిపి, వేళ్లకు అలవాటైన ముడి వేశాడు. ఉక్కు తీగ మీద అంత చిన్న ముడి వేయగలిగినవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు ఉండడు. తర్వాత దాన్నీ, మిగతావాటినీ, లావు తీగ ఎంత గట్టిగా ఉందో అంత గట్టిగా బిగిస్తూ పోయాడు. సాయంత్రం ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి ఆరింటికీ ఒకే బిగువు వచ్చింది. తృప్తిగా మెడను అరచేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు కట్టె విరిగింది. ఆ చప్పుడు పక్కింటివాళ్లకు వినబడిందట. ఆయనకు అరచేతిలో తెలిసింది. పూడ్చిన బోల్టు బెజ్జం దగ్గర మెడ అడ్డంగా పగిలి, తీగలన్నీ ఒక్కసారిగా వదులై, చచ్చిన కోడి మెడలా తలకాయ ముందుకు వేలాడింది.

రుచిత వచ్చేసరికి ఆయన అట్లాగే కూర్చుని ఉన్నాడు. పిల్ల సంచీ దించలేదు. గిటారు వైపు చూసింది, తీగ ముడి వైపు చూసింది, తర్వాత వచ్చి ఆయనకు ఎదురుగా కింద కూర్చుంది.

“బిగువు తక్కువుండె బిడ్డా,” అన్నాడు. “సన్నయి పలుకుతలేవు. అన్ని ఒక్కతీరు జేద్దామని…”

“అవి పలుకుతయి బాపూ.”

“లేదు. నేను జూసిన. మోత మొత్తం పెట్టి జూసిన. పలుకుతలేవు.”

“పలుకుతయి. నీకు ఇనబడయి.”

ఆ పెదవులు ఆయన స్పష్టంగా చదివాడు. ఇంకోలా చదవడానికి వీలులేకుండా పిల్ల అంత నెమ్మదిగా చెప్పింది. గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు, మళ్లీ పిల్ల వైపు చూశాడు.

“ఎప్పటిసంది ఎరుకనే నీకు?”

“ఐదో తరగతిల. మెట్ల మీదినుంచి పడ్డ గదా, చెయ్యి ఇరిగింది. నువ్వు కిందనే ఉన్నవు, అటు మల్లి సైకిల్ తుడుస్తున్నవు. పిలిచిన బాపూ. మస్తు పిలిచిన.”

ఆయనకు గుర్తుంది. వెనక్కి తిరిగేసరికి పిల్ల మెట్ల కింద పడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. ఎత్తుకుని పరుగెత్తుతూ దారి పొడుగునా తిట్టాడు.

“పిలువద్దానే అని నేనే తిడితి గదా.”

“హౌ. తిట్టినవ్.”

“మరి చెప్పకపోతివి?”

“నువ్వు చెప్తలేవు గదా. నేనెట్ల చెప్పాలె?”

ఆయన వేలితో పగులును తడిమాడు.

“అందరు స్టూళ్లు జేస్తిరి. నీకు గీ గిటారు ఎందుకనిపిచ్చింది బిడ్డా?”

రుచిత డబ్బా ముందుకు జరిపి, దాని మీది గుండ్రటి బటన్ చూపించింది. “దీనికి గిది ఉంటది. స్టేజీ మీద స్పీకర్ ఇంక పెద్దగుంటది. ఎంత గావాల్నంటే అంత పెంచొచ్చు.” బటన్‌ను ఆ చివరినుంచి ఈ చివరిదాకా తిప్పి చూపించి, మళ్లీ సున్నా దగ్గర పెట్టింది. “స్టూల్‌కు పెంచ రాదు గద బాపూ.”

ఆ రోజు పద్మారాణి ఇంటికొచ్చి జరిగింది తెలుసుకుని అరవలేదు. కాపురంలో అది మొదటిసారి.

శనివారం పొద్దున ఠాకోర్‌భాయ్ పగులులోకి బంక పోసి, రెండు ఇనుప బిగింపులు తగిలించాడు. ఒక రోజంతా కదపకూడదన్నాడు. అందుచేత గిటారు స్టేజీ ఎక్కలేదు, తీగలు లేకుండా, బిగింపులతో సహా, విరిగిన కాలికి కట్టుకట్టిన మనిషిలా బల్ల మీద పడుకుంది. పక్కన స్టూళ్లు నిటారుగా నిలబడ్డాయి. పద్మారాణి ఒక కుర్చీలో, లక్ష్మీరాజం మాట ఇచ్చినట్టే ముందు కుర్చీలో కూర్చున్నారు. కాంజీ సేఠ్ ఆ హాలుకు నాలుగు ఫ్యాన్లు దానం చేశాడు. ఒక్కొక్క రెక్క మీదా ఆయన పేరు రాయించాడు. ఫ్యాన్లు తిరుగుతున్నంతసేపు అది చదవడం ఎవరివల్లా కాదు.

పరీక్ష సారు, సేఠ్, ప్రిన్సిపాల్ బల్లల వెంట నడుస్తూ గిటారు దగ్గర ఆగారు. పరీక్ష సారు బిగింపులను పెన్నుతో తట్టి, పగులు మీద వేలు పెట్టి, ఏమిటిదని అడిగాడు. లక్ష్మీరాజం అంత దూరంనుంచే పెదవులు చదివాడు.

“కట్టె పచ్చిది సాబ్,” అన్నాడు ఠాకోర్‌భాయ్. “నేను చూసుకోలేదు. తప్పు నాది.”

ఆ కట్టె పచ్చిగా ఉన్నది ముప్పై ఏళ్ల కిందట, నరికిన రోజున. పరీక్ష సారుకు కట్టె తెలిసినట్టుంది, నమ్మలేదు.

“నేనే ఎక్కువ బిగించాను సార్,” అంది రుచిత.

పరీక్ష సారు చేతిలోకి కాగితం తీసుకుని, పెన్ను మూత విప్పాడు.

లక్ష్మీరాజం లేచాడు. లేవకముందు సేఠ్ వైపు ఒకసారి చూశాడు. కామ్‌రేజ్ షెడ్డు, కొత్త మిషన్లు, మొదటి పేరు, అన్నీ ఆ తెల్ల చొక్కాలో నిలబడి ఉన్నాయి. తనకు వచ్చిన హిందీలో మొదలుపెట్టాడు.

“సాబ్, మైనే తోడా. లడ్కీ కా గల్తీ నహీ, మాస్టర్ కా గల్తీ నహీ. మేరే కో సునాయీ నహీ దేతా. దస్ సాల్ సే సునాయీ నహీ దేతా. తార్ బోల్తా థా, మేరే కో మాలూమ్ నహీ పడా.”

తన గొంతు ఎంత పెద్దదో తెలుసుకునే వీలు ఆయనకు లేదు. ఖాతాలో సాంచల మీదుగా అరిచినట్టే అరిచాడు. విరగ్గొట్టింది నేనే, పదేళ్లుగా నాకు వినబడదు, తీగలు పలికినా తెలియలేదు అన్న మాట హాలంతా, బయట గేటు దగ్గరున్న ఐస్‌క్రీమ్ బండివాడితో సహా, విన్నారు. పద్మారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పరీక్ష సారు ఆయన వైపు చూసి, తలూపి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. కాంజీ సేఠ్ ప్రిన్సిపాల్ వైపు తిరిగి ఏదో అన్నాడు. తిరిగిన మనిషి పెదవులు కనబడవు కాబట్టి అదేమిటో లక్ష్మీరాజానికి తెలియలేదు.

సేఠ్ చెడ్డవాడేమీ కాదు. దీపావళికి ఏటా ఇచ్చే మిఠాయి డబ్బా ఈసారి కూడా ఇచ్చాడు, దాంతోపాటు వీపు తట్టాడు. పండుగ తర్వాత కామ్‌రేజ్‌కు పోయే ఇద్దరి పేర్లలో ఒకటి బిక్షపతిది. రెండోది లక్ష్మీరాజానిది కాదు. పేర్లు చెప్పిన సాయంత్రం బిక్షపతి ఇంటికొచ్చి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే చెప్పులతో నిలబడ్డాడు. మాట్లాడబోయి, ఏదో గుర్తొచ్చినట్టు, ఎదురుగా జరిగి నిలబడి మాట్లాడాడు.

“నేనడగలే రాజన్నా. అమ్మతోడు. ఆయనే పిలిచిండు.”

“నిన్నేమన్నంటినా తమ్మీ. లోపలికి రా, చాయ్ తాగు.”

“నాకేం పని వస్తదే? నువ్వు ఇంటవు… ఇంటుంటివి, నేను పానా అందిస్తుంటి. అంతే గద.”

లక్ష్మీరాజం అతని కుడిచెయ్యి పట్టుకుని, అరచేయి విప్పి, తలుపు చట్రానికి ఆనించి పెట్టాడు. “ఎన్నడు ఇనలేదురా. గిట్ల పెట్టు. వేళ్లు గాదు, గిక్కడ, అరచెయ్యి మడిమె. బేరింగు పొయ్యేముందు గిక్కడ చీమ పాకినట్టుంటది. తల వంచుడు ఉత్తదే, నువ్వు వంచకున్న నడుస్తది.”

బిక్షపతి ఆ చట్రం మీంచి చెయ్యి తియ్యకుండా కొంచెంసేపు నిలబడి, చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. పాత ఖాతాలో అప్పటికి నలభై సాంచలు మిగిలాయి.

దీపావళి సెలవుల తర్వాత బడి తెరిచాక మార్కుల కాగితం వచ్చింది. ఇంట్లో ముగ్గురూ దాని చుట్టూ కూర్చున్నారు. రుచిత చదువుతూ ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి తండ్రికి చూపించింది. కొలతలు, పదికి తొమ్మిది. అతుకులు, పదికి తొమ్మిది. నునుపు, ఐదుకు నాలుగు. మొత్తం ఇరవై ఐదుకు ఇరవై రెండు. లక్ష్మీరాజం కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పి, పై నుంచి కింది దాకా చూశాడు.

వస్తువు పనిచేస్తుందా లేదా అని కానీ, విరిగితే ఎవరు విరిచారని కానీ రాసే గడి అందులో లేదు.